పూల్ అడుగున మట్టి పోవట్లేదా?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. వానలు మొదలయ్యాక మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ అడుగున సన్నటి మట్టి పేరుకుంటోంది. పొద్దున వాక్యూమ్ చేయిస్తే సాయంత్రానికి మళ్లీ అంతే. ఏం చేయాలండీ?
– ఓ పాఠకురాలు

జవాబు: మీ వాళ్లు ఫిల్టర్ దగ్గర నీళ్ల దారి మార్చే వాల్వ్‌ని ‘ఫిల్టర్’ మీదే ఉంచి వాక్యూమ్ చేస్తున్నట్టున్నారండీ. పిండిలాంటి ఆ మట్టి చాలావరకు ఇసుక ఫిల్టర్‌లో ఆగదు, ఇటు పీల్చింది అటునుంచి మళ్లీ పూల్‌లోకే వస్తుంది. రాత్రి పంపు ఆపేసి మట్టిని అడుగుకి దిగనివ్వండి. పొద్దున, నీళ్లు ఫిల్టర్‌లోకి వెళ్లకుండా నేరుగా బయటికి పోయేలా వాల్వ్‌ని ‘వేస్ట్’కి తిప్పి (పంపు ఆగి ఉన్నప్పుడే, లేదంటే లోపలి రబ్బరు గాస్కెట్ పాడవుతుంది), వాక్యూమ్ గొట్టంలో గాలి లేకుండా నీళ్లు నింపి, అప్పుడు పంపు వేసి ముగ్గు వేసినంత నిదానంగా జరపమనండి. తొందరపడి లాగారో, మట్టి లేచి నీళ్లన్నీ టీ రంగే!

ఇలా చేస్తే నీళ్లు బయటికి పోతాయి కాబట్టి ముందే పూల్ నిండుగా ఉండాలి, మట్టం స్కిమ్మర్ (పూల్ అంచున పైనీళ్లు లాగే నోరు) కిందికి దిగితే పంపు గాలి పీల్చుకుంటుంది. ట్యాంకర్ రేట్లు మీకు తెలియనివా, మట్టి ఉన్నచోటే లాగించండి. కొత్త నీళ్లు పట్టాక క్లోరిన్ 1–3 పీపీఎం, పీహెచ్ 7.2–7.8 మధ్య ఉన్నాయో లేదో చూశాకే పిల్లల్ని దిగనివ్వండి.