జనుములో ఎర్రచుక్కల రెక్కల పురుగు: మందు కొట్టాలా?

ప్రశ్న: వానలు పడ్డాక మామిడి చెట్ల సందుల్లో పచ్చిరొట్ట కోసం జనుము చల్లాను. ఇప్పుడు పూత మొదలైంది. చేలోకి దిగితే పట్టపగలే తెల్లటి రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కలున్న పురుగులు లేస్తున్నాయి. ఆకుల మీద గొంగళి పురుగులూ ఉన్నాయి. పక్కనే చెనక్కాయ చేను. దానికీ పాకుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, పాకాల మండలం, తిరుపతి జిల్లా

జవాబు: ఏ మందూ కొట్టకండి. మీరు చెప్పిన రంగులను బట్టి అవి జనుము గొంగళి తల్లి పురుగులు. శాస్త్రీయ నామం యుటెథీసా పుల్కెల్లా. రెక్కల పురుగులు చాలావరకు రాత్రిపూట తిరుగుతాయి. ఇది పగలు కూడా తిరుగుతుంది. అడుగు చప్పుడుకు లేచి, నాలుగు గజాలు ఎగిరి మళ్లీ మొక్క మీదే వాలుతుంది.

అంత ధైర్యం దానికి జనుము జాతి మొక్కల్లోని విషం వల్ల వచ్చింది. ఆకులు, గింజలు తినేటప్పుడు ఆ చేదు ఆల్కలాయిడ్లు గొంగళి ఒంట్లో చేరతాయి, రెక్కలొచ్చాక కూడా పోవు. ఎర్రచుక్కలు పక్షులకు ‘నన్ను ముట్టకు’ అనే హెచ్చరిక. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ ఐస్నర్ బృందం దీని దగ్గరి బంధువును గమనించింది. గూట్లో చిక్కిన ఆ పురుగును సాలీడు తినకపోగా, దారాలు తెంచి వదిలేసిందట! మగ పురుగు జత కట్టేటప్పుడు ఆడదానికి ఈ విషంలో వాటా ఇస్తుంది, అది గుడ్లకు కాపలా అవుతుంది. ఇంత చిన్న ప్రాణికి ఇంత ఏర్పాటు ఉండడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

అందుకే ఇది ఆ విషం దొరికే మొక్కలనే వెతుక్కుంటుంది. జనుము లేని రోజుల్లో గట్ల మీది గిలిగిచ్చ, తేలు కొండిలా వంగిన పూగుత్తి ఉండే నాగదంతి దీనికి ఆధారం. మీ చెనక్కాయ దీని మేత కాదు.

చెనక్కాయకు భయపడాల్సింది ఎర్ర గొంగళికి. తొలకరి వానలకు దాని తల్లి పురుగులు నేలలోంచి బయటికొచ్చి, రాత్రిళ్లు దీపాల దగ్గర మూగుతాయి. ఎదిగిన గొంగళి పురుగులు గుంపులుగా చేను నుంచి చేనుకు పాకుతాయి. ఒంటినిండా పొడవాటి ఎర్రగోధుమ వెంట్రుకలుంటే అదే. మీ జనుములోది నల్లగా ఉండి, వీపు మీద తెల్ల గీత, నారింజ మచ్చలు, పలుచని వెంట్రుకలతో ఉంటుంది. ఒకసారి రెండు చేలూ తిరిగి సరిచూసుకోండి.

పూతకొచ్చిన జనుమును ఎలాగూ కలియదున్నాలి. విత్తిన 45–50 రోజుల్లో, నేలలో పదునుండగానే ఆ పని కానివ్వండి. మామిడి మొదళ్ల దగ్గర లోతుగా దున్నితే వేర్లు తెగుతాయి, జాగ్రత్త. నేలలో కలపబోయే ఆకును పురుగు కాస్త కొరికినా నష్టం లేదు. మందు కొడితే పూల మీది తేనెటీగలు చస్తాయి.

విత్తనానికి కొంత వదిలితే మాత్రం కాయలు చూస్తుండండి. గొంగళి కాయను తొలిచి గింజ తింటుంది. కొద్దిగా ఉంటే ఏరేయండి, ఎక్కువైతే 5 శాతం వేపగింజల కషాయం సాయంత్రం పూట పిచికారీ చేయండి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి: కాయ పట్టిన జనుమును పశువులకు వేయకండి. ఆ గింజల్లోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.