ముందుగాల అంచు చూడు బిడ్డా

బిడ్డా,

నీ స్మార్ట్‌వాచ్ గురించి నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూసిన. స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడ్తాంది, మెసేజ్ వస్తే మాత్రం చేతి మీద వణుకుతాంది. రాత్రంత పెట్టినా ఛార్జింగ్ సగం దాటుతలేదు. నువ్వు రెండు రోగాలనుకుంటున్నవు. నాకు ఒక్కటే కావచ్చని అనుమానం.

ముందుగాల వాచ్‌ను కంటి ఎత్తుల పట్టుకొని అంచు చూడు. అద్దానికి, ఫ్రేముకు నడుమ వెంట్రుకంత సందు కనబడ్డా బ్యాటరీ ఉబ్బి స్క్రీన్‌ను లోపల్నుంచి నూకుతున్నట్టే. అట్లైతే ఇగ ఛార్జింగ్ పెట్టకు. అద్దాన్ని ఒత్తి కూసోబెట్టకు, సూదితోని గెలకకు. లిథియం బ్యాటరీకి బొక్క పడితే మంట లేస్తది. ఆఫ్ చేసి, బట్టలకు దూరంగ స్టీలు పళ్లెంల పెట్టి, సర్వీస్ సెంటర్‌కు పట్టుకపో.

సందు లేదా? అయితే నా అనుమానం మేడారం జాతర మీదికి పోతది. నిలువెత్తు బంగారమని బెల్లం జోకించి, ఆ చేతులతోనే ఫోటోలకు, టైముకు బటన్ నొక్కి ఉంటవు. బెల్లం జిగట పట్టి పక్క బటన్ లోపలికి దిగి అట్లనే ఉంటే, వాచ్‌కు ఎవరో నొక్కుతనే ఉన్నట్టు లెక్క. ఊకె మేల్కొంటది, తనంతల తానే రీస్టార్ట్ అయితది, బ్యాటరీ తాగుతది. బెల్లం స్పిరిట్‌కు కరగదు. వాచ్ ఆఫ్ చేసి, గోరువెచ్చని నీళ్లల్ల తడిపి గట్టిగ పిండిన బట్టతోని బటన్ చుట్టూ తుడువు. వెనక ఛార్జింగ్ పిన్నులకు మాత్రం స్పిరిటే కావాలె. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ల దూది పుల్ల ముంచి రుద్దు. చెమట మురికి పేరుకుంటే ఛార్జర్ అయస్కాంతం అంటుకుంటది గని కరెంటు పోదు. బియ్యంల మాత్రం పెట్టకు, పొడి పోయి సందులల్ల ఇరుకుతది.

ఆరినంక పక్క బటన్ పది పదిహేను సెకండ్లు పట్టుకో, చాలా వాచీలు రీస్టార్ట్ అయితయి. అప్పటికీ నల్లగనే ఉండి వణుకుతాంటే డిస్‌ప్లేనో, దాని రిబ్బన్ వైరో పోయినట్టు. కొత్తదాని ధరల సగం కంటె ఎక్కువ అడిగితే బాగు చేయించకు. రీసెట్ ఆఖరుకు, అది కూడా ఫోన్ యాప్‌ల లెక్కలన్నీ ఎక్కించినంకనే.

నేను చావి ఇచ్చే హెచ్‌ఎంటీలు విప్పినోణ్ని. వెనక మూత తీసి ఊదితే సగం రోగాలు పోయేటివి. నీ వాచ్‌కు ఆ ముచ్చట నడవది. జిగురుతోని అంటిస్తరు, ఒక్కపారి విప్పితే నీళ్లాపే గుణం పోయినట్టే. చౌరస్తాల ఎవడన్న ఐదు నిమిషాల్ల విప్పుతనంటే ఇయ్యకు.

ఫోన్ ఫాస్ట్ ఛార్జర్ వాచ్‌కు వాడకు. ఫోన్ బ్యాటరీ కెపాసిటీ 5000 ఎంఏహెచ్ ఉంటే వాచ్‌ది 300 చుట్టుముట్టు ఉంటది, 5 వోల్టులు 1 ఆంప్ ఛార్జర్ చాలు. ఎప్పుడూ వెలిగే డిస్‌ప్లే, రాత్రంత రక్తంల ఆక్సిజన్ కొలిచేది బంద్ చెయ్యి. రామగుండం ఎండకు బండి డిక్కీల మరిచిపోకు.

ఆదివారం హన్మకొండకు వస్తే వాచ్ ఒక్కటే తేకు, ఛార్జర్ వైరు కూడా పట్టుకరా. దాన్ని వేరే అడాప్టర్‌కు పెట్టి ఛార్జింగ్ ఎక్కుతదేమో చూద్దాం.

మీ పెద్దబాపు