వంతులు వేయొద్దు అమ్మడూ

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. మీ నాన్న పోయి ఏడాది దాటింది. తెనాలి పక్కన ఆ ఇంట్లో మీ అమ్మ ఒక్కతే. దొడ్లో జారిపడి, పక్కింటివాళ్లు చూసేదాకా లేవలేకపోయిందని విన్నప్పటి నుంచి నాకూ కంటి మీద కునుకు లేదు. "అమెరికాలో అన్నయ్య దగ్గర ఆరు నెలలు, ఇక్కడ నా దగ్గర ఆరు నెలలు ఉంచుకుందామనుకుంటున్నాం పెద్దమ్మా, ఎలా ఉంటుందంటావు?" అన్నావు. వద్దమ్మా అంటాను. ఎందుకో చెప్పాలంటే నా కాపురం సంగతి చెప్పాలి.

నేను అత్తారింటికి వచ్చింది 1974లో. పెంకుటిల్లు, పదిహేను మందిమి. అత్తయ్య, మామయ్య, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్లం, పెళ్లి కావాల్సిన ఆడపడుచు, ఆరుగురు పిల్లలు. కొట్టుగది తాళంచెవి అత్తయ్య బొడ్లోనే ఉండేది. ఆవిడ కొలిచి ఇస్తేనే ఎసట్లో బియ్యం పడేవి. 1981 జనాభా లెక్కలప్పుడు బడిపంతుళ్లతో పాటు మీ పెదనాన్నకీ ఆ పని పడింది. ఒకే వంట తినేవాళ్లంతా ఒక కుటుంబం కింద లెక్క అని ఆయన చెబితే నాకు భలే అనిపించింది. ఆ లెక్కల్లో మేం ఒక్క కుటుంబం. 1991లో అదే పెంకుటిల్లు, అవే గదులు, మూడు కుటుంబాలుగా ఎక్కాం.

మధ్యలో 1986లో వేరుపడ్డాం. ఆడవాళ్లు పడక ఇళ్లు చీలిపోతాయంటారు. మా ఇంట్లో అది అబద్ధం. ఒకరికి నెలనెలా జీతం, మిగతా ఇద్దరికీ పంట వచ్చాకే చేతిలో డబ్బు. జీతం వచ్చేవాడి పిల్లలు గుంటూరు కాన్వెంటుకి, మిగతా వాళ్ల పిల్లలు ఊళ్లో బడికి. ఆ తేడా ఒకే పళ్లెంలో ఎన్నాళ్లు ఇముడుతుంది? వేరుపడటం తప్పు కాదు, అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. పొలం గట్ల దగ్గర్నుంచి కొబ్బరిచెట్ల దాకా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంచుకున్నాం, ఒక్క మాట రాలేదు. మామయ్య అప్పటికే పోయారు. ఆఖర్న మిగిలింది అత్తయ్య. ఆవిడనీ పంచుకున్నాం. నెలకొకరి ఇంట్లో వంతు.

ప్రతి నెలా మొదటి తారీఖున ఆవిడ తన ట్రంకుపెట్టె సర్దుకునేది. ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి నాలుగడుగులే. ముప్ఫై ఒకటి రోజులున్న నెల తన వంతుకి వస్తే ఒకాయన గొణిగేవాడు. నేను నోరు తెరిచి అనలేదు కానీ మనసులో లెక్కపెట్టాను. ఓసారి 31న మధ్యాహ్నమే ఆవిడ పెట్టె సర్దుకుంటుంటే, "రేపు కదా అత్తయ్యా, ఈ పూట ఉండండి" అనలేదు నేను. చూసి ఊరుకున్నాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. ఒక ఇంట్లో మాత్రలు, ఇంకో ఇంట్లో డాక్టరు చీటీ. నెలాఖర్లో జ్వరం వస్తే ఒకటో తారీఖు దాకా చూద్దామనుకునేవాళ్లం. ఆరేళ్లలో ఏ ఇంట్లోనూ ఆవిడ "నాకు ఫలానాది తినాలనుంది" అని అడగలేదు. కొట్టుగది తాళంచెవి బొడ్లో దోపుకుని తిరిగిన మనిషి. ఆవిడ పోతే, ఎవరి వంతులో పోయిందో ఊళ్లో చెప్పుకున్నారు.

వంతు అంటే అమ్మని ఇద్దరు చూసుకోవడం కాదు తల్లీ, ఏ ఇల్లూ అమ్మది కాకుండా చేయడం.

ఇక అమెరికా ఆరు నెలలు. మీ అక్కా బావల దగ్గర పురుటికని డల్లాస్‌లో ఆరు నెలలున్నాను కదా, అక్కడ వాళ్లు ఏ లోటూ రానివ్వలేదు. కానీ పొద్దున ఎనిమిదింటికి అందరూ వెళ్లిపోతే సాయంత్రం దాకా మనిషి మొహం కనపడదు. గుడికెళ్లాలన్నా ఎవరో ఒకరు కారు తీయాలి. నాకప్పుడు యాభై ఎనిమిది, కాళ్లు బాగున్నాయి. మీ అమ్మకి అరవై ఏడు, బీపీ, మోకాళ్లు. విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఒక్కసారికి ఆరు నెలలే ఉండనిస్తారు. అక్కడ ఆస్పత్రి ఖర్చు చెప్పనక్కర్లేదు. మనవల్ని చూడటానికి ఓపికున్నప్పుడు రెండు నెలలు వెళ్లి రానీ. అది చుట్టపుచూపు. ఉండే ఇల్లు మాత్రం ఒక్కటే కావాలి. అది నీ ఇల్లే అయితే మేలని నా మనసులో మాట.

కూతురింట్లో ఉండకూడదని మీ అమ్మ గునుస్తుంది. కూతురికి కడుపు పండేదాకా ఆ ఇంట్లో భోంచేయని తల్లిదండ్రుల్ని చూసి పెరిగినవాళ్లం మేం, ఆ మాట నోటికి రావడం సహజం. దానితో వాదించకు. 1956లో వచ్చిన దత్తత, పోషణ చట్టంలోనే ముసలి తల్లిదండ్రుల్ని చూసే బాధ్యత కొడుకుతో పాటు కూతురి మీదా పెట్టారు. పెళ్లయిన కూతురికీ ఆ బాధ్యత ఉందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి విషయానికొస్తే, ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి వాటా ఇచ్చినప్పుడు 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్లయిన మా బోటివాళ్లకి రాలేదు. 2005లో కేంద్రం చట్టం మార్చాకే ఆ అడ్డు పోయింది. హక్కు వచ్చిన చోటికే బాధ్యతా వస్తుందని చెప్పు. చట్టాలకి మీ అమ్మ కరగదులే. అల్లుడి పిలుపుకి కరుగుతుంది. అల్లుడు ఎదురొస్తే తలుపు చాటుకి తప్పుకునే తరం మాది. అందుకని పిలవాల్సింది నువ్వు కాదు. అల్లుడు స్వయంగా ఊరొచ్చి, "అత్తయ్యా, మా ఇంటికి రండి" అనాలి. అతని పక్కన మీ అత్తగారు ఉండి, "వదినా, నాకూ తోడుంటావు" అంటే ఇంకేం కావాలి.

అన్నట్టు, అసలు కష్టం అక్కడే ఉంది. ఉమ్మడి కుటుంబానికి పేరుంది, వేరు కాపురానికి పేరుంది, ఇల్లరికానికీ పేరుంది. ఇద్దరు వియ్యపురాళ్లు, మొగుడూ పెళ్లాలు, ఒక పిల్ల ఉండే మూడు గదుల ఫ్లాటుకి మన పెద్దవాళ్లు పేరు పెట్టలేదు. పేరు లేని ఇంటికి కట్టుబాట్లూ ఉండవు, మీరే పెట్టుకోవాలి. మీ అత్తగారిది వరంగల్లు, మీ అమ్మది తెనాలి. ఒకావిడ ఆనపకాయ అంటే ఇంకొకావిడ సొరకాయ అంటుంది. ఒకరికి పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగదు, ఇంకొకరికి గోంగూర పచ్చడి. ఒకే పూట ఇద్దర్నీ పొయ్యి దగ్గరికి పంపకు. పొద్దుటి వంట మీ అత్తగారిది, ఆ ఇంట్లో ముందు నుంచీ ఉన్న మనిషి ఆవిడ, ఆవిడ చేతిలోంచి గరిటె లాక్కోకూడదు. రాత్రి వంట మీ అమ్మది. ఆవకాయ ఎవరి జాడీ వాళ్లదే. సంక్రాంతికి సకినాలూ అరిసెలూ రెండూ చేయించు, ఖర్చు చూడకు. ఇద్దరి మధ్యా మాట వస్తే నువ్వు తీర్పు చెప్పకు. మీ అమ్మతో మాట్లాడాల్సింది నువ్వు, మీ అత్తగారితో మాట్లాడాల్సింది అల్లుడు. ఇది ఒక్కటి తప్పారా, ఆర్నెల్లలో మీ ఇద్దరి మధ్య గొడవలు మొదలవుతాయి.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోండి. రెండెకరాల కౌలు మీ అమ్మ పేరు మీదున్న ఖాతాలోనే పడాలి, కార్డు ఆమె దగ్గరే ఉండాలి. నెలకింత కూరలకని ఇస్తానంటే వద్దనకు. చేతిలోంచి నాలుగు రూపాయలు తీసి ఇచ్చే మనిషికి ఇంట్లో మాట ఉంటుంది. మీ అన్నయ్య దూరంగా ఉన్నాడని తప్పించకు. ఆరోగ్య బీమా కట్టమను, ఏడాదికోసారి వచ్చి నెల రోజులు అమ్మని చూసుకోమను, ఆ నెల నువ్వూ అల్లుడూ ఎక్కడికైనా వెళ్లి రండి. చూసుకునేవాళ్లకీ ఊపిరాడాలి.

ఊళ్లో ఇల్లు ఏడాది పాటు అమ్మొద్దు, అద్దెకీ ఇవ్వొద్దు. తాళంచెవి మీ అమ్మ దగ్గరే ఉంచు. తిరిగి వెళ్లే ఇల్లు ఉందన్న ధైర్యం ఉంటేనే కొత్త ఇంట్లో మనసు నిలుస్తుంది. ఇల్లు మీ పేరున రాసేస్తానని మీ అమ్మ తొందరపడుతుంది, నాకు తెలుసు. ఆగమను. ఎప్పుడైనా రాస్తే, తనను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి. 2007లో వచ్చిన పెద్దల చట్టం ప్రకారం, ఆ షరతు పెట్టి రాసిన ఆస్తి, చూడకపోతే రద్దు చేయించుకోవచ్చు. నీ మీద నమ్మకం లేక చెప్పడం లేదు. నా చెల్లెలి కాళ్ల కింద నేల గట్టిగా ఉండాలని చెబుతున్నాను.

పడక ఎక్కడన్నది చిన్న విషయం అనుకోకు. హాల్లో దివాను మీద వద్దు. వచ్చేపోయేవాళ్ల మధ్య కొంగు సర్దుకుంటూ పడుకోవాలి. వియ్యపురాళ్లిద్దర్నీ ఒక గదిలో వేస్తే మొదట్లో బాగానే ఉంటుంది, ఒకరికి ఫ్యాను కావాలి, ఒకరికి వద్దు, అక్కడ మొదలవుతుంది. మనవరాలి గదిలో మంచం వేయించు. తొమ్మిదేళ్ల పిల్లకి అమ్మమ్మ పక్కన కథలు వింటూ పడుకోవడం ఇష్టమే. దానికి పదమూడు, పద్నాలుగు వచ్చాక తన గది తనకి కావాలంటుంది, అప్పుడు మళ్లీ సర్దుకోండి. ఇల్లు ఒకసారి కుదిరితే అలాగే ఉండిపోదు. మా పదిహేను మంది ఇల్లు మూడైంది, మా ఇల్లు ఇద్దరికి తగ్గింది, ఇప్పుడు నేనొక్కదాన్నే. అత్తయ్య విషయంలో తప్ప దేనికీ నేను బాధపడలేదు.

దసరాకి నేనూ వచ్చి పది రోజులుంటాను. మీ అత్తగారితో బతుకమ్మ పేర్చాలని నాకూ ఉంది.

ఒక్క మాట మర్చిపోయాను. అమ్మని తీసుకెళ్లేటప్పుడు అటక మీదున్న ఆవిడ ట్రంకుపెట్టె మాత్రం కిందికి దించకు. బట్టలు సంచుల్లో పెట్టి తీసుకెళ్లు. ఆవిడ రాకముందే ఒక బీరువా కొని మనవరాలి గదిలో పెట్టించు, డబ్బులు నేనిస్తాను. తాళాలు రెండూ ఆవిడ చేతికే ఇవ్వు.

ఇట్లు,
మీ పెద్దమ్మ