బండ కట్టిన ఎడ్లు

ఒంగోలు

అమ్మాయీ,

యాంటీబాడీ జన్యువుల ముందు డీఎన్ఏకి అతుక్కునే ప్రోటీన్ గురించి కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. విషయం బాగానే పట్టావు. కానీ మొదటి వాక్యంలోనే 'అణు ప్రోటీన్లు' అన్నావే, అక్కడ నవ్వొచ్చింది. నీ వయసులో నేనూ అదే రాశాను. అచ్చయిన రోజు మా వీధి మంగలి షాపాయన "ఏం సార్, ఒంట్లో కూడా బాంబులుంటాయా?" అన్నాడు. 'కణ కేంద్రకంలో ఉండే ప్రోటీన్లు' అని రాయి, రెండు మాటలు ఎక్కువైనా సరే. 'బంధిస్తాయి' కూడా తీసెయ్, డీఎన్ఏని జైల్లో వేసినట్టుంది. అతుక్కుంటాయి, చాలు.

ప్రోటీన్ డీఎన్ఏలో తాళంచెవిలా దూరుతుందన్న నీ పోలిక నాకు ఎక్కలేదు. ఈ ప్రోటీన్ డీఎన్ఏ పోగుల్ని విప్పి చూడదు, రెండు పోగుల మధ్య గాడిలోంచి అక్షరాల (ఏ, టీ, జీ, సీ అనే రసాయన భాగాల) అంచుల్ని తడుముతుంది. మీ అమ్మ వెంకటగిరి చీర మీద వేలు పోనిచ్చి జరీ ఎక్కడ మొదలైందో చెప్పేస్తుంది చూడు, అలా.

అసలు లోటు వేరే ఉంది. యాంటీబాడీ (రోగక్రిముల్ని పట్టుకునే ప్రోటీన్) లోని పెద్ద గొలుసు, అంటే హెవీ చెయిన్, జన్యువుల ముందు ఏటీజీసీఏఏఏటీ అనే ఎనిమిది అక్షరాల దగ్గర ప్రోటీన్ అతుక్కుంటుందన్నావు. ఎలా తెలిసింది? అది ఎక్కడా లేదు. 1986 నాటి ప్రయోగాలు చెప్పు. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసే ఉంటావు. ఒట్టి కాడితో పరుగెత్తే ఎడ్లు బండ కడితే నెమ్మదిస్తాయి. రేడియోధార్మిక భాస్వరం తగిలించిన చిన్న డీఎన్ఏ ముక్కని జెల్ అనే జెల్లీ పలకలో పెట్టి కరెంటిస్తే కిందికి జారిపోతుంది. యాంటీబాడీలు తయారుచేసే తెల్లరక్తకణాలైన బి కణాల కేంద్రకాల సారం కలిపితే, ప్రోటీన్ అతుక్కున్న ముక్కలు వెనకబడి, ఫిల్ముమీద పైన ఇంకో నల్లగీత పడుతుంది. అంతటితో నమ్మకు, ప్రోటీన్లు ఏ డీఎన్ఏకైనా ఎంతో కొంత అతుక్కుంటాయి. అందుకే భాస్వరం గుర్తు లేని అదే ముక్కను బాగా ఎక్కువగా కలుపుతారు, ప్రోటీనంతా దాని మీదకి పోయి పైగీత మాయమవ్వాలి. దాని బదులు గుర్తు లేని, అక్షరాలు మార్చిన ముక్కను కలిపితే మాత్రం గీత అలాగే ఉండాలి. నీ వ్యాసంలో సగం ఇక్కడే నడవాలి.

ఇంకో లెక్క. ఎనిమిది అక్షరాల వరస ఏదైనా, కాకతాళీయంగా 65,536 అక్షరాలకొకసారి తగులుతుంది. మన 300 కోట్ల అక్షరాల్లో, ఒక పోగులోనే 45 వేల చోట్లకు పైగా. పైగా ఆ ఎనిమిది అక్షరాలకు అతుక్కునే ఆక్ట్-2 ప్రోటీన్ ఎక్కువగా బి కణాల్లో ఉన్నా, అవే అక్షరాలకు అతుక్కునే ఆక్ట్-1 దాదాపు అన్ని కణాల్లోనూ ఉంది. మరి కాలేయ కణం యాంటీబాడీ ఎందుకు చేయదు? నువ్వు 'ఆ ప్రోటీన్ బి కణాల్లోనే ఉంటుంది కాబట్టి' అని తేల్చేశావు. కాలేయ కణంలో ఆ యాంటీబాడీ జన్యువు ముక్కలు కలిసి కూర్చుకోవు, డీఎన్ఏ గట్టిగా చుట్టుకుపోయి ఉంటుంది, ఓకా-బి అనే తోడు ప్రోటీనూ ఉండదు. ఈ పేరా కష్టమే, దాటేయకు.

ఇలా డీఎన్ఏకి అతుక్కునే ఇంకో ప్రోటీన్ ఎన్ఎఫ్ కప్పా బి, దాని పేరు చూసీ మోసపోకు. రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని బి కణాల్లో కప్పా (యాంటీబాడీ చిన్న గొలుసు) జన్యువు దగ్గర చూసి ఆ పేరు పెట్టారు. తర్వాత చూస్తే దాదాపు అన్ని కణాల్లోనూ ఉంది, కేంద్రకం బయట నిద్రపోతూ.

దసరాలోపు తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్ళజోడు మార్చి మూడేళ్ళయింది.

మీ మాస్టారు