క్విక్ యాక్ ఫ్రేమ్‌లోని రేంజ్‌ల సంఖ్యను బట్టి ముందే మెమరీ కేటాయించవచ్చా?

క్విక్ (QUIC) అనే ఇంటర్నెట్ రవాణా ప్రోటోకాల్‌లో, ఏ ప్యాకెట్లు అందాయో పంపినవారికి తెలిపే యాక్ (ACK) ఫ్రేమ్‌లో ఎన్ని రేంజ్‌లు (వరుసగా అందిన ప్యాకెట్ల గుంపులు) ఉన్నాయో ఫ్రేమే చెబుతున్నప్పుడు, ఆ సంఖ్యకు సరిపడా అర్రేను ముందే కేటాయించుకోవచ్చా అని మీరు అడిగారు. కేటాయించకండి. ఆ పొరపాటు నేను చేసి ఉన్నాను.

పాత రవాణా ప్రోటోకాల్ అయిన టీసీపీలో ఈ బెడద లేదు. అక్కడ హెడర్‌లో ఆప్షన్లకు ఉన్న స్థలమే 40 బైట్లు కనుక, రేంజ్‌లలాగే అందిన భాగాలను తెలిపే శాక్ బ్లాకులు నాలుగుకు మించవు. టైమ్‌స్టాంప్ కూడా ఉంటే మూడే పడతాయి. 2021 నాటి ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 9000 ప్రకారం క్విక్‌లో రేంజ్‌ల సంఖ్య కూడా 1, 2, 4, 8 బైట్లలో ఏదో ఒక పొడవుతో వచ్చే పూర్ణాంకమే, దాని విలువ 62 బిట్ల వరకు ఉండవచ్చు. ఫ్రేమ్‌లను చదివే మా పార్సర్‌కు ఫజ్ పరీక్ష (అడ్డదిడ్డమైన డేటా ఇచ్చి చూసే పరీక్ష) పెట్టిన రోజున, పట్టుమని ఇరవై బైట్లు లేని ఫ్రేమ్ ఒకటి తనలో కోట్ల రేంజ్‌లు ఉన్నాయని చెప్పుకోగా, మా కోడ్ దాన్ని నమ్మి మెమరీ అడిగి కూలిపోయింది. ప్రతి రేంజ్‌కూ గ్యాప్ (దానికి ముందు అందని ప్యాకెట్ల లెక్క), పొడవు కలిపి కనీసం 2 బైట్లు కావాలి కనుక, మిగిలిన బైట్లలో సగానికి మించిన సంఖ్య కనిపిస్తే ఫ్రేమ్‌ను అక్కడే తిరస్కరించాలి.

అసలు చిక్కు, రేంజ్‌లను పెద్ద సంఖ్య నుంచి కిందికి లెక్కించే తీసివేతలో ఉంది. 100, 99, 98, 95, 94 ప్యాకెట్లు అందాయనుకోండి. అతి పెద్ద సంఖ్య 100, మొదటి రేంజ్ 2 (100కు ముందు వరుసగా అందినవి రెండు), కనుక అది 98 వద్ద ముగుస్తుంది. మధ్యలో రెండు ప్యాకెట్లు లేకపోయినా గ్యాప్‌ను ఒకటి తగ్గించి 1 అనే రాస్తారు. తర్వాతి రేంజ్ 98 - 1 - 2, అంటే 95 వద్ద మొదలవుతుంది. ఆ 2ను మరచిపోతే, రాని ప్యాకెట్లు వచ్చినట్లు లెక్క తేలుతుంది. పైగా అన్‌సైన్డ్ (రుణ విలువలు లేని) పూర్ణాంకాల్లో ఫలితం సున్నా కంటే తగ్గితే అది బ్రహ్మాండమైన సంఖ్యగా మారిపోతుంది. కనుక తీసివేశాక కాదు, తీసివేయడానికి ముందే పోల్చి చూసి, సరిపోకపోతే ఫ్రేమ్ ఎన్‌కోడింగ్ దోషంగా కనెక్షన్ మూసివేయాలి.

యాక్ పంపే వైపున రేంజ్‌ల జాబితా పెరుగుతూ పోకుండా పాత రేంజ్‌లను వదిలేయవచ్చు, కానీ ఆ సంఖ్యల ప్యాకెట్లను మళ్లీ స్వీకరించకుండా ఒక కనిష్ఠ సంఖ్యను గుర్తుంచుకోవాలి. మన యాక్ అవతలివారికి చేరిందని తెలిస్తే వదలడం సులువే. అయితే కేవలం యాక్‌లే ఉన్న ప్యాకెట్ల కోసం అవతలివారు ప్రత్యేకంగా యాక్ పంపరు కనుక, డేటా పంపని పక్షం అప్పుడప్పుడు యాక్ రప్పించే ఒక పింగ్ ఫ్రేమ్‌ను జతచేయవలసి వస్తుంది.