రంగా గారి జీవితం రాస్తున్న తమ్ముడికి

నాయనా,

రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా గారి మీద నువ్వు రాసి పంపిన నలభై పేజీలూ చదివాను. 1900లో నిడుబ్రోలులో పుట్టడం, ఆక్స్‌ఫర్డ్ చదువు, మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ఎకనామిక్స్ పాఠాలు, 1930లో కేంద్ర శాసనసభ, ఏదీ వదల్లేదు. కానీ పాఠం చెప్పిన మనిషి మూడో పేజీలోనే మాయమైపోయాడు. ఆ తర్వాత అన్నీ పదవులే.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట మా వైపు లెక్చరర్ ఉద్యోగం మానేసి పంచాయతీ సమితి ప్రెసిడెంట్ అయిన ఒకాయన జీవితం రాశాను. పుస్తకం అచ్చయ్యాక ఆయన భార్య ఒక పాత నోటుబుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. వారం వారం చిత్తూరు మండీలో బెల్లం ధర, వేరుశనక్కాయల మూట ధర, వాటి పక్కనే ఎరువు బస్తా ధర. ధర పడిపోయిన చోటల్లా ఎర్ర సిరా గీత, పరీక్ష పేపర్లు దిద్దినట్టు. కాలేజీ వదిలిన పదిహేనేళ్లకి కూడా అదే అలవాటు. "రాత్రి పడుకోబోయే ముందు దీన్నే చూసుకునేవారు" అన్నారావిడ. నేను అడగలేదు కాబట్టి అది నా పుస్తకంలోకి రాలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

1959లో నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం, అంటే రైతుల పొలాలు కలిపి సాగు చేయాలని, తీర్మానం చేసింది. రంగా గారు కాదని బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నువ్వు ఆగాల్సింది అక్కడే. పల్లెల ఆర్థిక స్థితి మీద పుస్తకాలు రాసినాయన, నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టినాయన. రెండెకరాల రైతు గట్టు చెరిపి తన పొలాన్ని ఉమ్మడిలో కలిపితే ఏమవుతుందని ఆయన భయపడ్డారో చదివేవాళ్లకి అర్థమయ్యేట్టు రాయి. భూమే లేని కూలీకి ఆ వాదనలో చోటెక్కడ అని కూడా అడుగు. అడిగినంత మాత్రాన ఆయన గౌరవం తగ్గదు. 'మహానుభావుడు' అన్న మాట మాత్రం అన్ని చోట్లా కొట్టేయ్.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాని అయితే మరిచేపోయావు! 1962లో అనంతశయనం అయ్యంగార్ గారు బీహార్ గవర్నరుగా వెళ్తే, ఖాళీ అయిన చిత్తూరు సీటుకి ఉప ఎన్నికలో గెలిచింది రంగా గారే. గుంటూరు జిల్లా మనిషి, మూడేళ్ల పార్టీ. మనవాళ్లు ఆయన్ని ఎందుకు నమ్మారు? నాకైతే నీ పుస్తకానికి ప్రాణం ఇక్కడే ఉందనిపిస్తుంది. తిరుపతి వ్యవసాయ కాలేజీ పిల్లలు చదివేది ఆయన పేరున్న యూనివర్సిటీ కిందే. ఆయన ఒకప్పుడు చిత్తూరు ఎంపీ అని వాళ్లకైనా తెలియాలి కదా.

చిత్తూరు బెల్లం మండీ దగ్గర నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆ ఉప ఎన్నికలో ఓటేశారు. వినికిడి తగ్గింది, పొద్దున పూటైతే బాగా మాట్లాడతారు. ఆదివారం ఆరు గంటల బస్సుకి వెళ్దాం, వచ్చేయ్. ముందే ఎన్నిక గురించి అడక్కు. ఆ ఏడాది బెల్లం ఏ ధర పలికిందో అడుగు.

నీ మేలు కోరే
అన్న, తిరుపతి