మండల కన్వీనర్ అయిన తమ్ముడికి

తమ్ముడూ,

పార్టీ నీకు మండలం బాధ్యత ఇచ్చిందని తెలిసి చాలా సంతోషపడ్డాను. ఇన్నాళ్లూ భూముల కోసం ధర్నాలు చేసినవాడివి. ఇప్పుడు పని వేరు. ఉద్యమంలో ఒక్క డిమాండ్ మీద జనం కలుస్తారు, అది తీరగానే ఎవరి దారి వాళ్లది. పార్టీకి ఆ తర్వాత కూడా ఊళ్లో నిలబడే మనుషులు కావాలి. వాళ్లను తయారుచేయడమే నీ పని.

లోక్‌సత్తా సంగతి నీకు తెలుసు. 1996లో ఉద్యమంగా మొదలై ఎంతో మంచి పేరు తెచ్చుకుంది. 2006లో పార్టీ అయింది. 2009లో రాష్ట్రమంతా పోటీ చేస్తే కూకట్‌పల్లిలో దాని వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ ఒక్కరే గెలిచారు. పేరుంది గానీ, ఆ పేరును బూత్ దాకా మోసే మనుషులు చాలలేదని నా అభిప్రాయం.

కాబట్టి ముందే సభలు పెట్టకు. ఓటరు జాబితా పట్టుకుని బూత్ బూత్ తిరుగు. చనిపోయినవాళ్లు, వలస పోయినవాళ్లు, కొత్తగా వచ్చిన కోడళ్లు, పద్దెనిమిది నిండిన పిల్లలు, అందరినీ రాసుకో. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం 8. పద్దెనిమిది ఏ తేదీకి నిండాలి అంటే, ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. ఇప్పుడు ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా అర్హత తేదీలే. దగ్గరుండి ఓటు రాయించినవాడిని ఆ ఇంట్లోవాళ్లు మర్చిపోరు.

బూత్‌కు ఒక మనిషిని చూసుకో. బాగా మాట్లాడేవాడికంటే సాయంత్రం దాకా కుర్చీ వదలనివాడు మేలు. పోలింగ్ రోజు పొద్దున్నే మాక్ పోల్‌కు, అంటే ఓటింగ్ యంత్రాన్ని ముందుగా పరీక్షించేటప్పటికి, అందుకోవాలి, చివర్లో ఫారం 17సి కాపీ తీసుకునే బయటికి రావాలి. ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. కౌంటింగ్‌లో అంకె తేడా వస్తే ఆ కాగితమే ఆధారం. ఈ పనికి ఆడవాళ్లను తీసుకో, కమిటీలోనూ చోటివ్వు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా పోరాటం ప్రభుత్వాన్నే కదిలించింది. అలాంటివాళ్లను ఊరేగింపులకు మాత్రమే పిలవడం అన్యాయం.

చందాల దగ్గర మొహమాటం వద్దు. ప్రతి రూపాయికీ రసీదు రాయి. 2,000 రూపాయలు దాటితే నగదు పుచ్చుకోకు, పార్టీకి పన్ను మినహాయింపు పోతుంది. లెక్క ప్రతి నెలా కమిటీ ముందు పెట్టు.

పాత మిత్రులు కొందరు 'అమ్ముడుపోయాడు' అంటారు. బాధేస్తుంది. వాదనకు దిగకు. వాళ్ల ధర్నాకు వెళ్లు, పార్టీ కండువా లేకుండా వెళ్లు. రేపు మన పార్టీయే ఆ భూముల విషయంలో మాట తప్పితే ముందు కమిటీలో రాతపూర్వకంగా అడుగు. జవాబు వచ్చేదాకా వదలకు.

ఇంకొకటి. ఇల్లు గడవడానికి నీకంటూ ఒక ఆదాయం ఉంచుకో. నెలనెలా ఎవరి దగ్గరో చెయ్యి చాస్తే, టికెట్ల సమయంలో వాళ్లకు ఎదురు మాట్లాడలేవు. మరదలితో కూర్చుని ఖర్చుల లెక్క చూసుకో. వచ్చే ఆదివారం జాబితాలు తీసుకుని ఇంటికి రా, మొదటి నాలుగు ఊళ్లూ కలిసి చూద్దాం.

మీ అన్న